థీసిస్‌లో ఈక్వేషన్లు అర్థం కావట్లేదట, ఎలా రాయాలి?

సివిల్‌చిన్నోడు:
ఎంటెక్ థీసిస్ మూడో చాప్టర్ గైడ్ గారు తిప్పి పంపారు. మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో ఒకటే మాట: "ఎవరి కోసం రాశావు?" సింప్లీ సపోర్టెడ్ బీమ్ (రెండు చివరలా ఊరికే ఆనించిన దూలం) నడిమధ్యన లోడ్ పెడితే ఎంత వంగుతుందనే ఫార్ములా. వాక్యం మధ్యలోనే రాసేశాను: డెల్టా = డబ్ల్యూఎల్³/48ఈఐ. ఇందులో తప్పేముంది? సబ్మిషన్ టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

పాతకంపోజర్:
తమ్ముడూ, ఫార్ములా కరెక్టే, ఆ ఏటవాలు గీతతోనే గొడవంతా. చెన్నైలో జర్నల్స్ టైప్‌సెట్టింగ్‌లో పదకొండేళ్లు ఈ గీతలే సరిచేశాను. కిందికి వెళ్లేది 48 ఒక్కటేనా, ఈఐ కూడానా? నీకు తెలుసు, ఎక్సెల్‌కి తెలీదు. లోడ్ 16 కిలోన్యూటన్లు, బీమ్ 3 మీటర్లు, అన్నీ న్యూటన్లు, మిల్లీమీటర్లలోకి మార్చాక 'ఈ' (మెటీరియల్ గట్టిదనం) 2 లక్షలు, 'ఐ' (బీమ్ అడ్డుకోత ఆకారాన్ని బట్టి వచ్చే విలువ) 4.5 కోట్లు అనుకో. జవాబు సరిగ్గా 1 మిల్లీమీటరు. బ్రాకెట్ లేకుండా ఎడమ నుంచి కొట్టుకుంటూ పోతే? బీమ్ వంగి వంగి ఆండ్రోమెడా గెలాక్సీని దాటిపోతుంది. లెక్కేసే చెప్తున్నా.

విడి లైన్లో, పైనా కిందా భిన్నంగా పెట్టు. ఆ కిందే "వేర్" (where) అని ఏ అక్షరం ఏమిటో యూనిట్లతో సహా చెప్పు. వేర్ చిన్న అక్షరంతోనే సుమా, ఈక్వేషన్ దగ్గర వాక్యం ఆగిపోలేదుగా. 'ఎల్' మిల్లీమీటర్లలో అని రాయకపోతే ఎవరో ఒకరు 3 వేస్తారు. నీ 1 మిల్లీమీటరు వంద కోట్లవ వంతుకి పడిపోతుంది. ఈక్వేషన్ నంబర్లు మాత్రం మళ్లీ ప్రస్తావించేవాటికే ఇవ్వు.

మ్యాథ్స్‌మేడమ్:
నంబర్ల విషయంలో ఒప్పుకోను అన్నయ్యా. వైవాలో "పైనుంచి మూడోది" అని వేలు పెట్టి చూపించలేం, అన్నిటికీ ఉండాల్సిందే. ఇంకోటి, టైప్‌సెట్టింగ్‌కి లేటెక్స్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఈక్వేషన్ తర్వాత ఖాళీ లైన్ వదలకండి. కొత్త పేరా అనుకుని "వేర్"ని లోపలికి జరిపేస్తుంది.

సివిల్‌చిన్నోడు:
థాంక్సండీ. ఇప్పుడే ఇంకోటి దొరికింది. అదే పేజీలో సెల్ఫ్ వెయిట్‌కి చిన్న డబ్ల్యూ, లోడ్‌కి పెద్ద డబ్ల్యూ వాడాను!

పాతకంపోజర్:
లోడ్‌ని 'పి' చేసెయ్. ప్రింట్‌లో ఆ రెండూ కవలపిల్లలే.

సివిల్‌చిన్నోడు:
పెద్ద డబ్ల్యూ తీసి 'పి' పెట్టమని ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టాను. నా "వేర్"లన్నీ (Where) "ఫేర్"లయ్యాయి (Phere). చిన్న అక్షరంతో రాయమన్నారు, ముందే మార్చి ఉండాల్సింది అన్నా.