పాత డెస్క్‌టాప్‌పై ఆండ్రాయిడ్ యాప్ తయారు చేయడం: ఉన్నదానికే ఖర్చు పెట్టాలా, కొత్తది కొనాలా?

టిక్కీలెక్క (గుంటూరు):
పెద్దలకు నమస్కారం. నేను బీసీఏ రెండవ సంవత్సరం చదువుతున్నాను. మిర్చి యార్డులో మా నాన్నగారి కమీషన్ దుకాణంలో ఏళ్ల తరబడి బిల్లులు కొట్టిన డెస్క్‌టాప్ ఇప్పుడు నా గదికి చేరింది. అందులో నాలుగవ తరం ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్నాయి. రైతువారీగా టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, తూకం, ధర నమోదు చేసే యాప్ ఒకటి కోట్లిన్ భాషలో రాయాలని నా కోరిక. అయితే యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరుచుకోవడానికే పావుగంట పడుతోంది. తెరపై నకిలీ ఫోనును నడిపే ఎమ్యులేటర్ మొదలుపెడితే మౌస్ కూడా కదలడం లేదు. చేతిలో 15,000 రూపాయలు ఉన్నాయి. వాటిని దీనికే ఖర్చు పెట్టనా, కొత్తదాని కోసం దాచుకోనా?

పాతమదర్‌బోర్డు (విజయవాడ):
తమ్ముడూ, తప్పు ప్రాసెసర్‌ది కాదు, హార్డ్ డిస్క్‌ది. రాసిన కోడ్‌ను యాప్‌గా మార్చే గ్రేడిల్ ఒక్కసారి బిల్డ్ చేయడానికి వేలకొద్దీ చిన్న ఫైళ్లను చదివి రాస్తుంది కాబట్టి, తిరిగే డిస్క్‌పై అది నత్తనడకే నడుస్తుంది. ముందు ఒక సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించండి. ఎమ్యులేటర్‌ను మరచిపోయి మీ ఫోనునే వాడండి. సెట్టింగులలో ఫోను వివరాల పేజీలో బిల్డ్ నంబరును ఏడుసార్లు తాకితే డెవలపర్ ఆప్షన్లు కనిపిస్తాయి, అక్కడ యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ తగిలిస్తే చాలు, యాప్ నేరుగా ఫోనులోనే నడుస్తుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి వైఫై ద్వారా కూడా ఈ పని జరుగుతుంది. మరో 8 జీబీ ర్యామ్ కలిపితే ఇంకా మంచిది. నేను ఎమ్యులేటర్ తెరవకుండానే నాలుగు యాప్‌లు పూర్తి చేశాను.

బందరుకాలువ (విజయవాడ):
పై సలహాలో ర్యామ్ మాట వినకండి. నాలుగవ తరం బోర్డుకు పట్టేది డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్. రేపు కొత్త బోర్డు కొన్నప్పుడు అది అందులో అమరనే అమరదు. స్టూడియోకు కనీసం 8 జీబీ, ఎమ్యులేటర్ కూడా కావాలంటే 16 జీబీ ఉండాలని గూగుల్ తన పత్రాలలోనే చెబుతోంది. ఇంటెల్‌లో ఎనిమిదవ తరానికి ముందు వచ్చిన ప్రాసెసర్లలో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా లేదు, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇటువంటి యంత్రానికి పైసా పెట్టడం కంటే ఆగడం నయం.

కొరిటెపాడు (గుంటూరు):
ఏది కొన్నా కొనకపోయినా, యార్డు నుంచి వచ్చిన క్యాబినెట్‌ను బ్లోయర్‌తో శుభ్రం చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆ ఘాటుకు మా వీధి వీధంతా తుమ్మింది.

ఐఫోనుపక్షం:
అసలు మ్యాక్ కొంటే రెండు రకాల ఫోన్లకూ యాప్‌లు చేయవచ్చు కదా?

టిక్కీలెక్క:
ఐఫోను యాప్‌లు రాసే ఎక్స్‌కోడ్ మ్యాక్‌లో మాత్రమే నడుస్తుందని నాకు తెలుసు. కానీ మా దుకాణానికి వచ్చే రైతులలో ఐఫోను ఉన్నవారిని నేను ఇంతవరకు చూడలేదు.

ల్యాబ్‌మాస్టారు (గుంటూరు):
నేను ఒక కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులలో) ఇంటెల్ వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందా? అది ఆఫ్‌లో ఉంటే ఎంత ర్యామ్ వేసినా ఎమ్యులేటర్ ఉపయోగపడదు. పాత వీడియోలు చూసి ఎమ్యులేటర్ వేగం పెంచే హాక్సమ్ వేసుకోవద్దు, ఇంటెల్ దానిని 2023లోనే ఆపివేసింది. విండోస్‌లో ప్రాజెక్టు ఫోల్డర్ పేరు తెలుగు అక్షరాలలో ఉంటే బిల్డ్ విఫలమయ్యే ప్రమాదం ఉంది. పాతమదర్‌బోర్డు గారితో మాత్రం ఒక విషయంలో ఏకీభవించలేను. మా విద్యార్థి ఒకడు తన ఫోనులోనే పరీక్షించుకున్న ప్రాజెక్టు, వైవా రోజున పరీక్షాధికారి పాత ఫోనులో తెరవగానే మూతపడింది. ఒక్క ఫోనును నమ్ముకుంటే వచ్చే ఫలితం అదే.

పాతమదర్‌బోర్డు:
దానికి ఎమ్యులేటర్ దేనికండీ? యార్డులో గుమాస్తాలు, ముఠా మేస్త్రీలు, రైతులు ఉన్నారు. పాతవీ కొత్తవీ కలిపి అయిదు ఫోన్లలో ఏపీకే (యాప్ ఫైలు) వేసి చూస్తే సరిపోతుంది. మండుటెండలో తెర కనిపిస్తుందో లేదో, కారం అంటిన వేలితో బటన్ నొక్కగలరో లేదో ఏ ఎమ్యులేటర్ చెబుతుంది?

బందరుకాలువ:
ప్రతి చిన్న మార్పుకూ యార్డు చుట్టూ ఫోన్లు అడుగుతూ తిరగమంటున్నారా? మీకు సమయానికి విలువ లేదేమో గాని అందరికీ అలా ఉండదు. 2019లో నేను ఒక దుకాణంలో ఐ7 అని చెబితే వాడిన కంప్యూటర్ కొన్నాను. ఇంటికి తెచ్చి చూస్తే అది మొదటి తరం ఐ7. ఒక్క బిల్డ్‌కు పదకొండు నిమిషాలు పట్టేది. ఆరు నెలలు ఆ తెర ముందు కూర్చుని, చివరకు నేర్చుకోవడమే మానుకున్నాను. ఈనాడు మందుల ఏజెన్సీలో బిల్లులు కొడుతున్నాను. ఓర్పు గురించి నాకు పాఠాలు చెప్పకండి.

పాతమదర్‌బోర్డు:
నేను 4 జీబీతో మొదలుపెట్టాను. బిల్డ్ జరుగుతున్నంతసేపూ తరువాతి తెరను కాగితంపై గీసుకునేవాడిని. మీరు మానుకున్నది యంత్రం వల్ల కాదని నా నమ్మకం.

ల్యాబ్‌మాస్టారు:
ఆ మాట అనవలసింది కాదండీ.

బందరుకాలువ:
అననివ్వండి. ఆయన పడిన కష్టాన్ని అందరికీ ప్రవేశ పరీక్షగా పెట్టాలని చూస్తున్నారు. నా బాధ ర్యామ్ గురించి కాదు. మా నాన్నగారు చీటీ పాడి ఆ ఐ7కు డబ్బు ఇచ్చారు. మా వంటి ఇళ్లలో కంప్యూటర్ కొనమని ఒక్కసారే అడగగలం. ఆ ఒక్కసారీ తప్పు వస్తువు కొంటే మళ్లీ నోరు తెరవలేం. ఈ అబ్బాయి చేతిలోని 15,000 కూడా అటువంటి డబ్బే అయితే, దానిని పాత పెట్టెలో పోయమని ఎలా చెబుతారు?

పాతమదర్‌బోర్డు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను అంత దురుసుగా మాట్లాడేవాడిని కాదు, మన్నించండి. అయినా నా అభిప్రాయం మారలేదు. ఒక్కసారే అడగగలిగినవాడు, ఒక్క యాప్ కూడా రాయకముందే ఆ అవకాశాన్ని వాడుకోకూడదు. ర్యామ్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎస్‌ఎస్‌డీ మాత్రం రేపు కొత్త డెస్క్‌టాప్‌లోకీ వెళుతుంది, ఆ డబ్బు ఎక్కడికీ పోదు.

బందరుకాలువ:
ఎస్‌ఎస్‌డీ వరకు నాకు అభ్యంతరం లేదు. ర్యామ్ కొనవద్దని మొదటి నుంచీ చెబుతున్నది నేనే.

టిక్కీలెక్క:
అందరికీ ధన్యవాదాలు. ఆ డబ్బు నాన్నగారిది కాదు, సీజనులో కాటా దగ్గర లెక్కలు రాసినందుకు నాకు వచ్చినది. ఎస్‌ఎస్‌డీ ఒక్కటే కొని, విండోస్ తీసివేసి లినక్స్ మింట్ వేసుకున్నాను. బయోస్‌లో వర్చువలైజేషన్ నిజంగానే ఆఫ్‌లో ఉంది, ఆన్ చేశాను. స్టూడియో ఇప్పుడు నిమిషంలోపే తెరుచుకుంటోంది. ఎమ్యులేటర్ కదులుతోంది గాని, బ్రౌజర్ కూడా తెరిస్తే మళ్లీ మొరాయిస్తోంది. మిగిలిన డబ్బు పక్కన పెట్టాను. చిక్కల్లా ఒక్కటే: డీబగ్గింగ్ ఆన్ చేసి ఫోను తగిలిస్తే చార్జింగ్ ఎక్కుతోంది గాని, స్టూడియోలో దాని పేరు కనిపించడం లేదు.

బందరుకాలువ:
కేబుల్ మార్చి చూడండి. కొన్నింటిలో చార్జింగ్ తీగలు తప్ప డేటా తీగలు ఉండవు.