సమస్య: "రెక్కలే లేని పక్షి తాఁ జుక్కలంటె"

మిత్రులారా, ఈ వారం తేటగీతి ఛందస్సులో ఒక పాదం. దీన్ని చివరి పాదంగా ఉంచి, అందులో కనిపించే విరోధం విడిపోయేలా ముందు మూడు పాదాలు రాయాలి. మొన్న తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి దగ్గర నడుస్తుంటే, శీతకాలపు కడలి పక్షులు అలల మీద వాలుతూ లేస్తూ కనిపించాయి. ఆ జలాంతర్గామిని కట్టింది సోవియట్ దేశంలోనే. వెంటనే వాలెంటీనా తెరెష్కోవా గుర్తొచ్చారు. 1963 జూన్ 16న వోస్తోక్-6 నౌకలో అంతరిక్షంలోకి ఒంటరిగా ఎగిరిన తొలి మహిళ ఆమె. అప్పటికి వయసు 26. ఆకాశంలో ఆమె పిలుపు పేరు 'చైకా', అంటే కడలి పక్షి. ఆమె కూర్చున్న గోళానికి రెక్కలు లేవు. సమస్యకు మూలం చెప్పేశాను, పూరణ మీది.

భీమిలి మాస్టారు:

నూలు మిల్లునఁ బనిచేసి నూఱు కలలు
కన్న కన్నియ యాకాశగమన మందె;
చైక యను పేర నొంటిగా సాగిపోయి
రెక్కలే లేని పక్షి తాఁ జుక్కలంటె

మూడో పాదంలో చై-సా యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరం కుదరడం) చెల్లుతుంది, ఐకారానికి ఆకారం మిత్రమే. 'మిల్లు' అన్న మాట పద్యంలో ఎందుకని అడిగితే ఒకటే జవాబు: చిట్టివలస జూట్ మిల్లు పక్కన పెరిగినవాణ్ణి, నాకది తెలుగు మాటే. తెరెష్కోవా రష్యాలోని యారొస్లావ్‌ల్‌లో బట్టల మిల్లు కార్మికురాలు. తండ్రి ట్రాక్టరు డ్రైవరు, యుద్ధంలో పోయాడు. అక్కడి నుంచి మొదలుపెట్టకుండా ఆవిణ్ణి ఆకాశానికి ఎత్తడం నాకు ఇష్టం లేదు.

నా మాట: మాస్టారూ, పక్షి ఎవరో 'చైక'తో తేలిపోయింది, విరోధం చక్కగా విడిపోయింది. ఆమె తిరిగింది సుమారు 200 కిలోమీటర్ల ఎత్తునే కాబట్టి 'చుక్కలంటె' అతిశయోక్తి. అది పాదం ఇచ్చిన నా బాధ్యత, మీది కాదు.

గాజువాక తమ్ముడు:

నలుబదెనిమిది మార్లు భూవలయ మంత
డెబ్బదింటికి మించిన గంటలందు
చుట్టి వచ్చిన ధీరనుఁ జూచి యనిరి
రెక్కలే లేని పక్షి తాఁ జుక్కలంటె

మొదటి పాదంలో న-వ యతి కుదరలేదేమో, క్షమించాలి.

నా మాట: తమ్ముడూ, అక్కడ తప్పు లేదు. నలు-వల ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం) పడింది, చూసుకో. తప్పింది రెండో పాదంలో: డె-గం యతీ లేదు, ప్రాసా లేదు. ఇలా చేస్తే సరి: "గంట లొక డెబ్బదింటను గగనసీమఁ". 70 గంటల 50 నిమిషాల్లో 48 చుట్లు, లెక్క కూడా నిలుస్తుంది. కానీ అసలు లోపం 'అనిరి'. అన్నది ఎవరు? సమస్యను ఎవరి నోటనో పెట్టి తప్పుకుంటే విరోధం విప్పినట్టు కాదు.

మధురవాడ చెల్లెమ్మ:

గొడుగు దుముకుల పోటీకిఁ గూతు రేగె
ననుచు నమ్మిన తల్లికి నపుడు వినఁగ
వచ్చె రేడియో వార్తయై వాడవాడ
రెక్కలే లేని పక్షి తాఁ జుక్కలంటె

భీమిలి మాస్టారు: అమ్మా, తల్లి చెవి దగ్గర నిలబెట్టావు. నా పద్యం కంటే ఇది మేలు. కూతురు పారాచ్యూట్ దూకుళ్లకే వెళ్లిందనుకున్న ఆ తల్లికి అసలు సంగతి రేడియోలోనే తెలిసింది. గాజువాక అబ్బాయి పద్యంలో 'అనిరి'కి కర్త లేడు, ఇక్కడ ఉన్నాడు. 'గొడుగు దుముకులు' కొత్త సమాసం, అయినా అర్థమవుతుంది. ఆమె చివరకు దిగింది కూడా పారాచ్యూట్‌తోనే కదా: సుమారు 7 కిలోమీటర్ల ఎత్తులో నౌక నుంచి బయటికొచ్చి, విడిగా.

నా మాట: మరో సభ్యుడు కల్పనా చావ్లా మీద పద్యం పంపి, తనే వెనక్కి తీసుకున్నారు. సరైన పనే చేశారు. ఆమె నౌక కొలంబియాకు రెక్కలున్నాయి, 2003 ఫిబ్రవరి 1న ఏడుగురి ప్రాణాలు పోవడానికి మూలం ఆ ఎడమ రెక్క అంచుకు తగిలిన దెబ్బే. ఆ రెక్కను మాటల ఆటకు వాడకూడదు.

నాదొక కోరిక. దిగడానికి బదులు నౌక ఇంకా పై కక్ష్యకు పోయేలా అమరిక తప్పుగా ఉందని కనిపెట్టి చెప్పింది తెరెష్కోవాయే. కింద నుంచి కొత్త లెక్కలు పంపారు. సోవియట్ అంతరిక్ష నౌకల ప్రధాన రూపకర్త కొరల్యోవ్ కోరాడని ఆ సంగతిని దాదాపు 30 ఏళ్లు బయటపెట్టలేదు. ఇది ఎవరి పద్యంలోనూ రాలేదే?

మధురవాడ చెల్లెమ్మ: మొదట మూడో పాదం "మూడు పదులేండ్లు గుట్టును మూసిపెట్టె" అని రాశాను. నాలుగో పాదం దానికి అతకలేదు, అన్నయ్యగారూ, ముప్ఫై ఏళ్ల తర్వాత ఎగిరినట్టు అయింది. మార్చాను:

దిగుట కిచ్చిన లెక్కలు దిద్దుడనుచు
నేలవారికిఁ దెలిపిన నెలత గాదె!
లెక్క తప్పిన మది తప్ప కొక్కతైన
రెక్కలే లేని పక్షి తాఁ జుక్కలంటె

భీమిలి మాస్టారు: 'తప్పిన'ను 'తప్పినా' అని చదువుకోవాలి, పద్యంలో చెల్లుతుంది. 'ఒక్కతైన' దగ్గర ఆగి మళ్లీ చదివానమ్మా. ఆ తర్వాత ఇంతవరకూ మరే మహిళా అంతరిక్షంలో ఒక్కతే తిరగలేదు.