సమస్య: ఎలుక పరుగెత్తె భీముని యెడమ చేత

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి పాదం, ఇది చివర వచ్చేలా పద్యం పూరించాలి. ఇంగ్లీషు ‘మజిల్’ (కండ) అన్న మాట పుట్టుకను వాడుకోవాలి, అదొక్కటే షరతు. లాటిన్‌లో ముస్ అంటే ఎలుక, ముస్కులుస్ అంటే చిట్టెలుక, అదే ఫ్రెంచి మీదుగా మజిల్ అయింది. మోచెయ్యి మడిచి విప్పి చూడండి, చర్మం కింద ఏదో అటూ ఇటూ జరిగినట్టుండదూ?

గోదారిగట్టు:
మజిలు పదమున కర్థము మనము వెదక
చిట్టి యెలుకని తెలిపెను సీమ భాష
గదను బట్టగ నుబ్బెడు కండ జూడ
ఎలుక పరుగెత్తె భీముని యెడమ చేత

తుమ్మెద: యతి కుదిరింది కానీ, ‘సీమ భాష’ అంటే మనకి ఇంగ్లీషే తడుతుంది, సీమదొర అన్నట్టు. ఎలుక అన్నది రోమువాళ్ళు కదండీ, యతి కోసం దేశం మార్చేస్తే ఎలా? పైగా గద కుడిచేత్తో కదా పట్టేది.

గోదారిగట్టు: ఒప్పుకున్నా. ‘రోము వారలు చిట్టెల్క రూప మనిరి’ అని మారుస్తున్నా. గద జోలికి మాత్రం రాకండి, అంత బరువు ఎత్తేటప్పుడు రెండో చెయ్యి ఊరికే ఉంటుందా!

పుర్రచేయి: మా టీములో ఒకణ్ణి అందరం భీముడనే పిలుస్తాం, వాడి మీద.
పుర్ర చేతి వాటపు కుర్ర బుద్ధిశాలి
కోడు రాసెడి కొలువులో కుదురు కొనగ
తెరను బాణపు గుర్తది తిరుగు చుండ
ఎలుక పరుగెత్తె భీముని యెడమ చేత

నిర్వాహకుడు: షరతు తప్పించుకున్నారు, అయినా నడక మొదటిదానికంటే బాగుంది, మూడో పాదం కంటికి కనిపిస్తోంది. ‘బుద్ధిశాలి’ మాత్రం యతి కోసమే వచ్చి కూర్చున్నాడు. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కంప్యూటర్ మౌస్‌ని కనిపెట్టిన ఎంగెల్‌బర్ట్ జనానికి చూపించిన మౌస్‌కీ తీగే తోక, ఇప్పుడు చాలావాటికి అదీ లేదు.

సందేహం: మన మూషికం, ఈ ముస్ చుట్టాలేనా?

తుమ్మెద: ఒకే మూలం. గ్రీకులో అయితే ఎలుకకీ కండకీ ఒకటే మాట, మ్యూస్. గుండె రిపోర్టుల్లో ‘మయోకార్డియల్’ అని ఉంటుందే, ఆ మయో అక్కడిదే. సముద్రపు చిప్పల్ని మజిల్స్ అనేదీ ముస్కులుస్ నుంచే, స్పెల్లింగ్ వేరు.

సందేహం: అయితే గుండెలో ఎలుకలు పరిగెత్తడం అక్షరాలా నిజమన్నమాట. దీన్ని కందంలో పెట్టొచ్చా?

నిర్వాహకుడు: పెట్టండి, ప్రాస తప్పకుండా. గడువు ఆదివారం రాత్రి.