మామిడి తోటలోంచి గ్యాస్ పైపులైన్: 10 శాతం పరిహారం న్యాయమేనా?

నూజివీడు రైతుబిడ్డ:
నాన్నగారి పేరున రెండున్నర ఎకరాల మామిడి తోట ఉంది. దాని మధ్యలోంచి గ్యాస్ లైన్ వెళ్తుందని గెజిట్ నోటిఫికేషన్ వచ్చింది, సర్వే కూడా అయింది. లైన్ వెళ్లే పట్టీలో పోయేది సుమారు 40 సెంట్లు, 20 చెట్లు. కంపెనీ తరఫున వచ్చినాయన చెప్పే లెక్క ఇది: భూమి మీ పేరునే ఉంటుంది, మాకు వాడుకునే హక్కు మాత్రమే, కాబట్టి విలువలో 10 శాతం. విలువ అంటే రిజిస్ట్రేషన్ విలువట, ఎకరం 12 లక్షలు. మాకు వచ్చేది 48 వేలు, చెట్లకు వేరే. బయట ఎకరం 40 లక్షలకు తక్కువ లేదు. పక్క రైతులు సంతకాలు పెట్టేశారు. నాన్న 'గవర్నమెంటుతో మనకెందుకురా' అంటున్నారు. ఒప్పుకోమంటారా, బేరం ఆడమంటారా?

మెరకచేను:
పెట్టేయండి తమ్ముడూ. మా వరి చేలో లైన్ వేశారు. ఒక పంట పోయింది, దానికి డబ్బులిచ్చారు. ఇప్పుడు పైపు మీదే నాట్లు వేస్తున్నాం. అడంగల్‌లో పేరు మారలేదు, పంట రుణం ఆగలేదు. కోర్టుల చుట్టూ తిరిగితే వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువ.

కోర్టుపక్షి:
వరి వేరు, మామిడి వేరు అన్నా. ఇది 1962 పైపులైన్ల చట్టం కింద జరిగేది. దాని 9వ సెక్షన్ ప్రకారం ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి రైతుకు ఇందులో ఏదీ పెద్దగా తగలదు. తోట రైతుకు మాత్రం ఆ 40 సెంట్లు ఇక తోట కాదు. ఇద్దరికీ అదే 10 శాతం.

10 శాతం అనేది 10వ సెక్షన్‌లో రాసి ఉన్న అంకె. దాని మీద బేరం ఆడినా ఉపయోగం లేదు. బేరమంతా 'దేనిలో 10 శాతం' అన్నదాని దగ్గరే. చట్టంలో ఉన్నది నోటిఫికేషన్ తేదీ నాటి మార్కెట్ విలువ అని. రిజిస్ట్రేషన్ విలువ అని ఎక్కడా లేదు. మీ ఊళ్లో ఈ మధ్య అమ్ముడైన తోటల దస్తావేజుల నకళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకుని కాంపిటెంట్ అథారిటీకి, అంటే పరిహారం లెక్క కట్టే అధికారికి, రాతపూర్వకంగా ఇవ్వండి. 40 లక్షలు నిలబడితే 48 వేలు కాస్తా లక్షా 60 వేలవుతుంది.

మెరకచేను:
దస్తావేజుల్లో 40 అని ఎవరు రాస్తారు సార్? స్టాంపు డ్యూటీ తగ్గుతుందని 12, 13 అనే రాయించుకుంటాం. మన కాగితమే మనకు ఎదురు సాక్ష్యం చెబుతుంది.

కోర్టుపక్షి:
కాదనలేను. కానీ బ్యాంకు లోను మీద కొన్నవాళ్లు అసలు ధరకు దగ్గరగా రాయిస్తారు. అలాంటివి రెండు మూడు దొరికినా చాలు.

తీరం కుర్రాడు:
అసలు 10 శాతమే అన్యాయం కదా, దాని సంగతి ఎవరూ మాట్లాడరేం? కరెంటు లైన్లకు కేంద్రం 2024 జూన్‌లో మార్గదర్శకాలు మార్చింది. టవర్ కింద స్థలానికి భూమి విలువలో 200 శాతం, తీగల కింద పట్టీకి 30 శాతం. అక్కడ తీగ నెత్తి మీద, ఇక్కడ గ్యాస్ కాళ్ల కింద. 2014 జూన్‌లో మా కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ భయానికి ధర కట్టే గడి మీ ఫారంలో ఉందా?

వెల్డింగ్ బాబాయి:
లైన్ల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి అటువైపు మాట కూడా చెబుతాను. ప్రతి రైతుకూ వంపు తిప్పితే లైన్ వెయ్యలేం. చెట్లు వద్దనేది కూడా వేళ్లు పైపు పూతను పాడుచేస్తాయని, రిపేరుకు మిషన్ దిగాలని. కరెంటు లైన్ల రేటు మార్గదర్శకం, ఇది చట్టం. మార్చాల్సింది పార్లమెంటు. కంపెనీ మనిషితో గొడవపడితే ఆయన పైవాళ్లకు ఫోన్ చేస్తాడు, అంతే.

తీరం కుర్రాడు:
పైవాళ్లకు ఫోన్ చేసేలా చెయ్యడమే కదా బేరమంటే బాబాయ్!

కోర్టుపక్షి:
రైతుబిడ్డ గారూ, వీళ్ల గొడవలో మీ గడువు దాటిపోకుండా చూసుకోండి. గెజిట్ ప్రతులు జనానికి అందుబాటులోకి వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోపు అభ్యంతరం వెయ్యాలి. ఆ అభ్యంతరం లైన్ వెయ్యడం మీద, డబ్బు మీద కాదు. తోట గట్టు వెంబడి జరపమని అడగాల్సింది అప్పుడే. డబ్బు తగాదా తర్వాత వస్తుంది. కాంపిటెంట్ అథారిటీ కట్టిన మొత్తం నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు.

నా లెక్కలో మీకు అసలు డబ్బు ఆ 10 శాతంలో లేదు, చెట్లలో ఉంది. కాపు మీదున్న మామిడి చెట్టంటే ఇంకా ఎన్నేళ్ల కాపు పోతుందో అంతా. ఉద్యానశాఖ వాళ్లు విలువ కట్టేటప్పుడు నాన్నగారు పక్కనే ఉండాలి. చెట్టు వయసు, చుట్టుకొలత, రకం పంచనామాలో పడాలి. బంగినపల్లిని నాటు కాయ అని రాస్తే తర్వాత ఎవరూ దిద్దరు. బోరు, డ్రిప్ పైపులు, కంచె కూడా రాయించండి. చెక్కు తీసుకునేటప్పుడు 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసి సంతకం పెట్టండి.

వెల్డింగ్ బాబాయి:
ఇంకోటి. పైమట్టి విడిగా తీసి, పూడ్చాక మళ్లీ పైన పరవమని కాగితం మీద రాయించుకో అబ్బాయ్. నోటి మాట నమ్మకు. అడుగు మట్టి పైకొస్తే నాలుగైదేళ్లు ఏదీ సరిగా పండదు.

నూజివీడు రైతుబిడ్డ:
అందరికీ థాంక్స్. గట్టు వెంబడి జరపమని అర్జీ రేపే వేస్తాను. ఒక్క సందేహం: పక్క రైతులు 12 లక్షల లెక్కకు ఒప్పుకున్నారు కదా, దాన్ని చూపించి మాకూ అదే విలువ అంటే?

కోర్టుపక్షి:
అంటారు, తప్పకుండా అంటారు. వాళ్లవి వరి చేలా, తోటలా?