వారానికో కొత్త పాటల ప్లేలిస్ట్: లింకులు చచ్చిపోకుండా, అందరికీ అందేలా పంచడం ఎలా?

వారంపాట (ప్రశ్న)

పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా పాటలు విడుదల చేసుకునేవారి నుంచి వారానికి 12 పాటలు ఏరి స్పాటిఫై అనే పాటల యాప్‌లో పంచుతున్నాను. మూడు చోట్ల చిక్కు పడుతోంది.

ఒకటి, నెల తిరక్కముందే ఒకటి రెండు పాటలు బూడిదరంగులోకి మారి మోగడం మానేస్తున్నాయి. రెండు, గ్రూపులో చాలామంది స్పాటిఫై వాడరు, యూట్యూబ్‌లోనో ఇంకోచోటో వింటారు. మూడు, వారానికో కొత్త ప్లేలిస్ట్ పెడితే పాతదాన్ని ఫాలో అయినవారికి కొత్తది కనబడదు. ఒకే ప్లేలిస్ట్‌లో పాటలు మారుస్తూ పోతే పాత వారాల పాటలు పోతాయి. దేనికి ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

శ్రుతిపెట్టె

మూడోదానికి జవాబు తేలిక, అది ముందు చెప్తాను. రెండు ప్లేలిస్టులు పెట్టుకోండి. ఒకటి "ఈ వారం", రెండోది "నిల్వ". బయటికి ఎప్పుడూ మొదటిదాని లింకే ఇవ్వండి. లోపల పాటలు ఎన్నిసార్లు మార్చినా లింక్ మారదు, ఫాలో అయినవారు పోరు.

మార్చేటప్పుడు వరుస తప్పకూడదు. కంప్యూటర్‌లో "ఈ వారం" తెరిచి ఒక పాట మీద నొక్కి, కంట్రోల్ ఏ కొట్టి అన్నిటినీ ఎంచుకోండి. కుడి బటన్ నొక్కి "నిల్వ"కు చేర్చండి. "నిల్వ" తెరిచి 12 పాటలూ వచ్చాయో లేదో లెక్కపెట్టండి. అప్పుడే పాతవి తీసేసి కొత్తవి పెట్టండి. ముందు తీసేసి తర్వాత వెతుక్కుందామనుకుంటే ఒకటో రెండో తప్పకుండా జారిపోతాయి. పొరపాటున ప్లేలిస్ట్ మొత్తం తొలగించినా కంగారు పడకండి. బ్రౌజర్‌లో ఖాతా పేజీకి వెళ్తే, తొలగించిన ప్లేలిస్టులను 90 రోజుల లోపు తిరిగి తెచ్చుకునే ఏర్పాటు ఉంది. అయితే అది ప్లేలిస్ట్‌ను తెస్తుందే కానీ దాని లోంచి మీరు తీసేసిన పాటలను తేదు.

స్పాటిఫైలో ఒక ప్లేలిస్ట్‌కు 10,000 పాటల దాకా పడతాయి. వారానికి 12 చొప్పున "నిల్వ" మీకు ఏళ్ల తరబడి సరిపోతుంది. వివరణ గడిలో 300 అక్షరాలే పడతాయి కాబట్టి అక్కడ తేదీ, నిల్వ ఎక్కడుందో ఒక మాట, అంతే రాయండి.

నిలవఖాతా

బూడిదరంగు సంగతి నేను చెప్తాను. చిన్న కళాకారుల పాటలకే ఇది ఎక్కువ జరగడానికి కారణాలున్నాయి.

మొదటిది, సింగిల్‌గా వచ్చిన పాట తర్వాత ఆల్బమ్‌లోకి చేరుతుంది. ఆల్బమ్ రాగానే కొందరు సింగిల్‌ను తీసేస్తారు. వినడానికి పాట అదే, కానీ స్పాటిఫై లెక్కలో అవి రెండు వేర్వేరు ఎంట్రీలు. మీరు చేర్చింది సింగిల్ ఎంట్రీ. అదే రికార్డింగ్ ఇంకో ఎంట్రీలో దొరికితే స్పాటిఫై చాలాసార్లు తనే దాన్ని మోగిస్తుంది. దొరకకపోతే పాట బూడిదరంగులోకి వెళ్తుంది.

రెండోది డిస్ట్రిబ్యూటర్‌ను, అంటే కళాకారుడి పాటను యాప్‌లన్నిటికీ పంపే సేవను, మార్చడం. సొంతంగా విడుదల చేసేవారు ఏటా చందా కట్టే సేవ నుంచి ఇంకోదానికి మారుతుంటారు. పాత చోట తీసేసి కొత్త చోట ఎక్కించేటప్పుడు పాత ఐఎస్‌ఆర్‌సీనే (రికార్డింగ్ గుర్తింపు కోడ్) ఇస్తే రెండూ ఒకటేనని గుర్తుపట్టే వీలుంటుంది. కొత్త కోడ్ తీసుకుంటే అది కొత్త పాటే అవుతుంది, పాత లింక్ చచ్చిపోతుంది. చందా కట్టడం మానేసినందుకు పాటలు దిగిపోయే సేవలూ ఉన్నాయి.

మూడోది దేశాల వారీ హక్కులు. మీకు మోగేది ఇంకో దేశంలో ఉన్నవారికి మోగకపోవచ్చు.

ఐఎస్‌ఆర్‌సీ అంటే ఒక్కో రికార్డింగ్‌కు ఇచ్చే 12 అక్షరాల కోడ్. మొదటి రెండూ దేశపు గుర్తుగా మొదలైనవి, తర్వాతి మూడు ఆ కోడ్ ఇచ్చేవారికి కేటాయించినవి, ఆపై రెండంకెలు సంవత్సరం, చివరి ఐదు వరుస సంఖ్య. పాట పేరు, కళాకారుడి పేరు ఇచ్చి రికార్డింగ్ కంపెనీల అంతర్జాతీయ సంఘమైన ఐఎఫ్‌పీఐ వారి ఐఎస్‌ఆర్‌సీ శోధన పేజీలో గానీ, మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే పాటల వివరాల సైట్‌లో గానీ వెతికితే తెలుస్తుంది. ఇంకో ఉపయోగం కూడా ఉంది. "కొత్త పాట" అని కనబడేది పాత రికార్డింగ్‌కు మళ్లీ విడుదలేమోనని అనుమానమొస్తే ఆ రెండంకెలు చూడండి. కాకపోతే అది కోడ్ ఇచ్చిన సంవత్సరమే, పాడిన సంవత్సరం అని గ్యారంటీ లేదు.

అందుకే నా సలహా ఒక్కటే: ప్లేలిస్ట్‌ను అసలు ప్రతి అనుకోకండి. అసలు ప్రతి మీ దగ్గరుండే రాత జాబితా. ఒక స్ప్రెడ్‌షీట్‌లో పాటకో వరుస పెట్టి ఇవి నింపండి: వారం తేదీ, కళాకారుడి పేరు వాళ్లు రాసుకున్న స్పెల్లింగ్‌తోనే, పాట పేరు, అది ఉన్న సింగిల్ లేదా ఆల్బమ్ పేరు, విడుదలైన సంవత్సరం, నిడివి నిమిషాలు సెకన్లతో సహా, ఐఎస్‌ఆర్‌సీ, కళాకారుడి సొంత పేజీ లింక్. పాట మాయమైనప్పుడు దీన్ని పట్టుకుని వెతికితే దొరుకుతుంది. నిడివి ఎందుకంటారా? ఒకే పాటకు రేడియో ఎడిట్, లైవ్, పూర్తి రూపం ఉంటే వాటిని విడదీసి చూపేది అదే.

చేత్తో కొట్టడం కష్టమనుకుంటే ఎక్స్‌పోర్టిఫై అనే ఉచిత పనిముట్టుతో ప్లేలిస్ట్‌ను స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే సీఎస్‌వీ ఫైల్‌గా దించుకోవచ్చు. అయితే ప్రచురించిన రోజే దించుకోండి, పాటలు పోవడం మొదలయ్యాక కాదు.

ఇంకొకటి. స్పాటిఫై సెట్టింగుల్లో అందుబాటులో లేని పాటలను చూపించే మీట ఉంది. దాన్ని ఆన్‌లో పెట్టుకోండి. ఆఫ్‌లో ఉంటే పోయిన పాట మీ కంటికి అసలు కనబడదు, 12 ఉండాల్సినచోట 11 ఉన్నాయని మీకు తెలియనే తెలియదు.

మూడోతీగ

రెండో ప్రశ్నకు వస్తాను. అందరినీ ఒకే యాప్‌కు రమ్మనడం కుదరదు కాబట్టి ప్లేలిస్ట్ కనీసం రెండు చోట్ల ఉండాలి, ఒకటి యూట్యూబ్ అయితే మంచిది. చందా లేనివారికీ అక్కడ పాట మొత్తం వినబడుతుంది.

ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడానికి సౌండీజ్, ట్యూన్‌మైమ్యూజిక్ వంటివి ఉన్నాయి. పని చేస్తాయి, కానీ కళ్లు మూసుకుని నమ్మకూడదు. పేరు పోల్చి వెతికే చోటే ఇవి తప్పుతాయి. "ఇంట్రో" లాంటి పేరున్న పాటలు, పేరు వెనక బ్రాకెట్లలో తోడు గాయకుల పేర్లున్నవి, ఒకచోట తెలుగు లిపిలో ఇంకోచోట రోమన్ లిపిలో ఎక్కించినవి ఎక్కువగా దారి తప్పుతాయి. కవర్ వెర్షనో, కరోకే ట్రాకో వచ్చి కూర్చుంటుంది. మార్చాక 12 పాటలూ ఒక్కొక్కటి పది సెకన్లు మోగించి, నిడివి మీ షీట్‌తో సరిచూడండి. పది నిమిషాల పని.

యూట్యూబ్‌లో ఒకే పాట రెండు మూడు రూపాల్లో ఉంటుంది. కళాకారుడి సొంత ఛానెల్‌లోది ఒకటి. డిస్ట్రిబ్యూటర్ పంపితే యూట్యూబ్ తనంతట తాను తయారుచేసే "టాపిక్" ఛానెల్‌లోది ఇంకొకటి, కదలని కవర్ బొమ్మతో ఉంటుంది. మూడోది ఎవరో అభిమాని ఎక్కించింది. మూడోదాన్ని ఎప్పుడూ వాడకండి. హక్కుల ఫిర్యాదుతో పోయేది అదే, పైగా ఆ వినికిడి పాట చేసినవారి ఛానెల్ లెక్కలోకి రాదు. యూట్యూబ్‌లో వీడియో పోతే ప్లేలిస్ట్‌లో "తొలగించిన వీడియో" అన్న ముక్క మిగులుతుంది, పాట పేరు కూడా కనబడదు. నిలవఖాతా గారు చెప్పిన షీట్ లేకపోతే అక్కడేముండేదో మీకే గుర్తుండదు.

ఒక్కో పాటకు అన్ని యాప్‌ల లింకులూ ఒకే పేజీలో కావాలంటే ఒడెస్లీ ఉంది. ఒకచోటి లింక్ ఇస్తే మిగతావి వెతికి పెడుతుంది. అయితే పాటలకు, ఆల్బమ్‌లకే పనికొస్తుంది, మొత్తం ప్లేలిస్ట్‌కు కాదు.

శ్రుతిపెట్టె

లింకుల గురించి ఒక మాట. స్పాటిఫై నుంచి కాపీ చేసిన లింక్‌లో ప్రశ్నార్థకం తర్వాత వచ్చేది ఎవరు పంచారో గుర్తుపట్టడానికి పెట్టే తోక. అది తీసేసినా లింక్ పనిచేస్తుంది. శుభ్రంగా ఉంటుంది కూడా.

మూడోతీగ

స్పాటిఫైకి సరే, యూట్యూబ్ ప్లేలిస్ట్ లింక్‌కు మాత్రం అలా చేయకండి. అక్కడ ప్లేలిస్ట్ గుర్తింపు ఉండేదే ప్రశ్నార్థకం తర్వాత. కత్తిరిస్తే లింక్ ఎక్కడికీ వెళ్లదు. పంచే ముందు ఖాతాలోకి లాగిన్ కాని బ్రౌజర్ కిటికీలో తెరిచి చూడండి. ప్లేలిస్ట్ పొరపాటున ప్రైవేట్‌లో ఉండిపోయినా అక్కడే బయటపడుతుంది.

వారంపాట

షీట్ ఇవాళే మొదలుపెడతాను. ఇంకో రెండు సందేహాలు. నాకు నచ్చే పాటల్లో కొన్ని బ్యాండ్‌క్యాంప్‌లోనే (కళాకారులు పాటలను నేరుగా అమ్ముకునే సైట్) ఉంటాయి, వాటినేం చేయాలి? "స్వతంత్రం" అని ఎలా తేల్చాలి? చిన్న లేబుల్ అనుకున్నది తీరా చూస్తే పెద్ద కంపెనీదని ఒకరు తప్పుపట్టారు.

నిలవఖాతా

బ్యాండ్‌క్యాంప్‌లో మాత్రమే ఉన్న పాటను దించుకుని స్పాటిఫైలో లోకల్ ఫైల్‌గా (మీ కంప్యూటర్‌లోని సొంత ఫైల్‌గా) పెట్టినా మీకు తప్ప ఎవరికీ మోగదు. యూట్యూబ్‌లో మీరే ఎక్కించడం తప్పు. అలాంటి పాటకు రాత జాబితాలో "ఇది ఇక్కడే దొరుకుతుంది" అని నేరుగా లింక్ ఇవ్వండి. నాకైతే దాన్ని జాబితా చివర కాకుండా మొదట పెట్టడమే న్యాయం అనిపిస్తుంది. ప్లేలిస్ట్‌లో లేనిది చివర పెడితే ఎవరూ నొక్కరు.

అలా పట్టుబట్టడానికి కారణం ఉంది. గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీములు (పాట మోగిన లెక్క) దాటని పాటకు స్పాటిఫై 2024 నుంచి రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం లేదు. మీరు ఏరే పాటల్లో చాలావరకు ఆ గీత కిందే ఉంటాయి. బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ అమ్మకంలో 15 శాతం వాళ్లు పట్టుకుంటారు, చెల్లింపు ఖర్చులు పోను మిగతాది కళాకారుడికో లేబుల్‌కో వెళ్తుంది. ఒక్కరు కొన్నా ఆ కళాకారుడికి తేడా కనిపిస్తుంది. బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని ప్రకటించే రోజుల్లో ఆ 15 శాతమూ వదులుకుంటారు. అది 2020 మార్చి 20న మొదలైంది. ఆ వారం మీ పోస్టులో కొనే లింకులు పైన పెట్టండి.

శ్రుతిపెట్టె

స్వతంత్రం సంగతి. ఆల్బమ్ పేజీ అడుగున వృత్తంలో పి అక్షరం ఉన్న వరుస చూడండి. రికార్డింగ్ హక్కు ఎవరిదో అక్కడ ఉంటుంది. కళాకారుడి పేరే ఉంటే చిక్కులేదు. అంకెల వరుస తర్వాత "రికార్డ్స్ డీకే" అని ఉంటే అది డిస్ట్రోకిడ్ అనే డిస్ట్రిబ్యూటర్ ద్వారా వచ్చింది. లేబుల్ పేరు ఇవ్వనివారికి ఆ పేరు దానంతటదే పడుతుంది. తెలియని లేబుల్ పేరుంటే డిస్కాగ్స్ అనే రికార్డుల వివరాల సైట్‌లో దాని మాతృసంస్థ చూడండి. యూనివర్సల్, సోనీ, వార్నర్ అనే మూడు పెద్ద కంపెనీల్లో ఏదీ పైన లేకపోతే స్వతంత్రమే.

తగాదా వచ్చేది పంపిణీ దగ్గర. ది ఆర్చర్డ్, ఏడబ్ల్యూఏఎల్ సోనీవి, ఏడీఏ వార్నర్‌ది. వీటి ద్వారా పాటలు పంపే స్వతంత్ర లేబుళ్లు బోలెడు. నేను హక్కు ఎవరిదన్నదే చూస్తాను, ఎవరు మోసుకొచ్చారన్నది కాదు. మీరు ఏ గీత గీసుకున్నా దాన్ని ఒక వాక్యంలో రాసి పైన పెట్టండి, మళ్లీ మళ్లీ వాదన రాదు.

నిలవఖాతా

నాకు అక్కడ కాస్త అభ్యంతరం. పంపిణీతోపాటు ప్రచారం ఖర్చు కూడా పెద్ద కంపెనీయే పెట్టినప్పుడు హక్కు కాగితం మీద ఎవరి పేరున్నా దాన్ని చిన్న కళాకారుడి పక్కన నిలబెట్టడం సబబు కాదు. వారానికి 12 చోట్లే ఉన్నాయి, వాటిని వేరే దారి లేనివారికి ఇవ్వాలి. ఒకే పేరుతో ఇద్దరు కళాకారులుంటే వాళ్ల పాటలు ఒకే పేజీలో కలిసిపోతుంటాయి, అదీ గమనించండి. పేజీలోని పాత ఆల్బమ్‌ల తీరు, కవర్ బొమ్మలు పొంతన లేకుండా ఉంటే కళాకారుడి సొంత పేజీ లింక్ దాకా వెళ్లి తేల్చుకోకుండా చేర్చవద్దు.

మూడోతీగ

ప్లేలిస్ట్‌కు ఫాలోయర్లు పెరిగాక "డబ్బిస్తాం, పాట చేర్చండి" అంటూ సందేశాలు వస్తాయి. ఒప్పుకోకండి. స్పాటిఫై నిబంధనలకు అది విరుద్ధం. అలాగే "శబ్దం తగ్గించి రాత్రంతా మోగించండి" అని గ్రూపులో ఎవరైనా సాయం చేయబోతే ఆపండి. అది కృత్రిమ స్ట్రీమింగ్ కిందికి వస్తుంది, పాట దిగిపోవచ్చు. అలాంటి స్ట్రీములు మరీ ఎక్కువగా దొరికిన పాటలకు 2024 నుంచి డిస్ట్రిబ్యూటర్ల మీద రుసుము వేస్తున్నారు. దాన్ని వాళ్లు కళాకారుడి ఖాతాలోనే కోసే అవకాశం ఉంది. మీ మంచితనానికి జరిమానా ఆ పాట చేసినవారు కట్టాలి.

వారంపాట

చివరి సందేహం. ఏ రోజు పోస్ట్ చేయాలి, పాటల వరుస ఎలా పెట్టాలి? ఒక పాట గట్టిగా, తర్వాతిది మెల్లగా వినబడుతోందని కూడా అంటున్నారు.

శ్రుతిపెట్టె

2015 జులై 10 నుంచి ప్రపంచమంతటా కొత్త విడుదలలు శుక్రవారమే వస్తున్నాయి. ఆ రోజు అందరి ముందూ కొత్త పాటలు కుప్పలుగా పడతాయి, మీ జాబితా అందులో మునిగిపోతుంది. శుక్రవారం నుంచి ఏరడం మొదలుపెట్టి, గురువారానికి ముగించి, ఆ శనివారం పొద్దున పోస్ట్ చేయండి.

శబ్దం తేడాకు మూలం ఏ పాటను ఎంత గట్టిగా తయారు చేశారన్నదే. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో అన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినబడుతుందో కొలిచే ప్రమాణం) దరిదాపులకు సర్దుతుంది. వినేవారు ఆ సర్దుబాటును ఆఫ్ చేసుకుని ఉంటే తేడా వినబడుతుంది. యూట్యూబ్ గట్టివాటిని తగ్గిస్తుంది కానీ మెల్లవాటిని పెంచదు. ఇంట్లో మైకుతో మెల్లగా రికార్డ్ చేసిన గిటార్ పాట, గట్టిగా నొక్కిన ఎలక్ట్రానిక్ పాట పక్కపక్కన పెట్టకండి, మధ్యలో ఒక మోస్తరు పాట పెట్టండి.

వరుస చూసుకోవడానికి 12 పాటలూ మొత్తం వినక్కర్లేదు. ప్రతి పాట చివరి 20 సెకన్లు, తర్వాతిదాని మొదటి 20 సెకన్లు కలిపి వినండి. ఆల్బమ్‌లో తర్వాతి పాటలోకి జారిపోయేలా చేసిన పాట ప్లేలిస్ట్‌లో గొంతు కోసినట్టు ఆగుతుంది, అది ఇక్కడే పట్టుబడుతుంది. అలాంటిదాన్ని ఆఖరున పెట్టండి. క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతుండగా తర్వాతిది కలవడం), షఫుల్ (వరుస కలిపేయడం) రెండూ వినేవారి చేతిలోవి, మీరు ఆపలేరు. మొదటి పాట మాత్రం 15 సెకన్లలోపు అందుకునేదై ఉండాలి. 30 సెకన్లు దాటితేనే స్ట్రీమ్‌గా లెక్క, అంతకుముందే దాటవేస్తే కళాకారుడి ఖాతాలో ఏమీ పడదు.

మూడోతీగ

పాటకో వాక్యం రాయడం మరవకండి. "అద్భుతమైన పాట" అంటే ఎవరూ నొక్కరు. "2 నిమిషాల 10 సెకన్ల దగ్గర డ్రమ్స్ ఆగిపోయి వయొలిన్ ఒక్కటే మిగులుతుంది" అని రాస్తే ఆ చోటు కోసమైనా తెరుస్తారు.

వారంపాట

ఈ వారం జాబితాను షీట్‌లోకి ఎక్కించి చూశాను. 12లో రెండు సింగిల్ ఎంట్రీలు, వాటి ఆల్బమ్‌లు ఇప్పటికే వచ్చేశాయి. వాటిని ఆల్బమ్ ఎంట్రీకి మార్చేయనా?

నిలవఖాతా

మార్చండి, ఐఎస్‌ఆర్‌సీ రెండింటికీ ఒకటేనని చూసుకున్నాక. నిడివి నాలుగైదు సెకన్లు తేడా ఉంటే అది ఆల్బమ్ కోసం మళ్లీ మిక్స్ చేసినది కావచ్చు, రెండూ విని మీకు నచ్చింది ఉంచండి.