సమస్యాపూరణం: “కడలి చెంతఁ బుట్టి కడలి వెదకె”

నిర్వాహకులు:
ఈ వారం సమస్య, అంటే మిగతా మూడు పాదాలూ రాసి పూరించాల్సిన పాదం, ఆటవెలది నాలుగోది.

కడలి చెంతఁ బుట్టి కడలి వెదకె

ఐదూ సూర్యగణాలే (మూడు లఘువులైతే న, గురువు–లఘువు అయితే హ): కడలి (న), చెంత (హ), బుట్టి (హ), కడలి (న), వెదకె (న). నాలుగో గణం మొదటి అక్షరం కూడా ‘క’ కాబట్టి యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి) కుదిరింది. మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు (నల, నగ, సల, భ, ర, త), రెండో పాదంలో ఐదు సూర్యగణాలు ఉండాలి. విషయం నది, లేదా నదితో బతికేది. సముద్రం పక్కనే పుట్టినదానికి సముద్రాన్ని వెతకాల్సిన పనేమిటన్నది చిక్కు. ఆ చిక్కు విప్పితేనే పూరణ. ఊరికే మూడు పాదాలు నింపితే లెక్కలోకి రాదు. (‘గట్టుమీద’, ‘చుక్కాని’ లాంటివి సభ్యుల కలంపేర్లు.)

గట్టుమీద:

సహ్యగిరియె గోడ, చాటునఁ బడమర
వాలు తూర్పు వైపె, వాగు పాఱె
గట్టు దిగినయంత గౌతమి యీ తీరు
కడలి చెంతఁ బుట్టి కడలి వెదకె

సహ్యగిరి అంటే పడమటి కనుమలు. అక్కడ గోదావరి పుట్టిన బ్రహ్మగిరి నుంచి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్లే. నది మాత్రం 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. మొదటి ‘కడలి’ పడమటిది, రెండోది తూర్పుది.

చుక్కాని:
చిక్కు విడిపోయింది, పద్యం నడిచింది. మొదటి పాదంలో స–చా సరసయతి (అక్షరాలు వేరైనా మైత్రి ఒప్పుకునే యతి), అభ్యంతరం లేదు. నా పేచీ ‘వైపె’ దగ్గర. వాలు తూర్పు వైపే అంటే పడమటికి వాలే లేనట్టు. అదే త్ర్యంబకం కొండల్లో పుట్టిన వైతరణ పడమటికి దిగి అరేబియాలో కలుస్తుంది కదా! చినుకు శిఖరానికి ఏ పక్కన పడిందన్నదే తేడా. ‘వైపె’ తీసి ‘వంక’ పెట్టండి: “వాలు తూర్పు వంక, వాగు పాఱె”. గణం అదే హగణం, యతి కదలదు, అబద్ధం పోతుంది.

లంకగాలి:
‘గౌతమి’ అంటే మా కోనసీమలో ధవళేశ్వరం దిగువ ఎడమ పాయ. కుడివైపుది వసిష్ఠ, దాని నుంచి విడిపోయేది వైనతేయ. మొత్తం నదికి గౌతమి అనడం పురాణాల వాడుక. ఇక్కడ ‘గట్టు దిగినయంత’ అని పుట్టుక చోటు ముందే చెప్పారు కాబట్టి గందరగోళం లేదు. ఆ మాట లేకపోతే యానాం వైపు పాయ అనుకునేవాణ్ణి.

కొబ్బరాకు:

కృష్ణ తాను పుట్టెఁ గెరలు మబ్బుల మధ్య
కొంకణమ్ము విడిచి కోన దాటి
అదిగొ తూర్పు వైపు హంసలదీవికై
కడలి చెంతఁ బుట్టి కడలి వెదకె

కృష్ణకూ ఈ సమస్య సరిపోతుంది. అది పుట్టిన మహాబలేశ్వరం నుంచి అరేబియా సుమారు 64 కిలోమీటర్లు, కడలిలో కలిసేది హంసలదీవి దగ్గర.

చుక్కాని:
కృ–గె యతి (ఋకారానికి ఎకారం), అ–హ యతి రెండూ శుభ్రంగా ఉన్నాయి. రెండు దోషాలు. ఒకటి, ‘దాటి’ తరవాత ‘అదిగొ’ అచ్చుతో మొదలైతే విసంధి (సంధి జరగాల్సిన చోట జరగకపోవడం). ‘యదిగొ’ అనాలి, యడాగమం (అచ్చు ముందు ‘య’ చేరడం) వచ్చినా య–హ యతి చెల్లుతుంది. రెండోది పెద్దది. కృష్ణ కొంకణంలో అడుగే పెట్టదు, ఇక విడవడమెక్కడిది? కొంకణం కనుమలకు పడమటి దిగువన ఉంది, కృష్ణ పుట్టేది కనుమల మీద, దిగేది తూర్పుకు. ఇలా మార్చి చూడండి: “కొంకణమ్ము నొల్లకుండఁ దరలి / యదిగొ తూర్పు వైపు హంసలదీవికై”. ‘కొంకణాన్ని వద్దనుకుంది’ అనగానే పడమటి సముద్రం కూడా సూచనగా వచ్చేస్తుంది. మీ మొదటి రూపంలో అది లేదు.

కొబ్బరాకు:
ఒప్పుకున్నాను. కొ–కు యతి కూడా నిలిచింది.

మెట్టదారి (కొత్త సభ్యులు):

త్ర్యంబకేశ్వరమున గోదావరి పుట్టి
కందకుర్తి నుండి కదలి కదలి
ప్రాణహితనుఁ గలిపి పాపికొండలు దాటి
కడలి చెంతఁ బుట్టి కడలి వెదకె

నిర్వాహకులు:
మూడో పాదం అచ్చంగా గోదారి నడకే. వరస కూడా సరైనదే: కందకుర్తి దగ్గర మంజీర, కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, ఆ దిగువన ఇంద్రావతి, కూనవరం దగ్గర శబరి, తరవాత పాపికొండలు. ఉపనదుల్లో అన్నిటికన్నా పెద్దది ప్రాణహిత, దాన్నే ఎంచుకోవడం తెలివైన పని.

మొదటి పాదం విడగొట్టి చూద్దాం. త్ర్యంబ (హ), కేశ్వ (హ), రమున (న). ఇక్కడిదాకా బాగుంది. తరవాత గోదావ (త) కూడా ఇంద్రగణమే. మిగిలింది ‘రి పుట్టి’: లఘువు, గురువు, లఘువు. అది జగణం, ఇంద్రగణాల్లో లేదు. పైగా యతిస్థానంలో ‘గో’ ఉంది, త్ర్యం–గో మైత్రి లేదు. ‘పుట్టి’ మొదటి పాదంలోనూ సమస్యలోనూ వచ్చి పునరుక్తి అయింది. ‘గోదావరి’ అన్న మాట ఆటవెలదిలో చాలామందిని ఇలాగే దెబ్బతీస్తుంది. రెండు గురువులు, రెండు లఘువులు కాబట్టి ఏదో ఒక అక్షరం పక్క గణంలోకి జారుతుంది. ‘గోదారి’ అంటే తగణం, హాయిగా కూర్చుంటుంది.

గణాలు దిద్దినా ఇంకో లోటు మిగులుతుంది. పడమటి సముద్రం ఊసే లేదు. దారి చెప్పారు గాని చిక్కు విప్పలేదు. రెండో పాదాన్ని వదులుకోవాలి, కందకుర్తి పోయినా సరే:

త్ర్యంబకమున మొలచి తల్లి గోదారమ్మ
పడమరున్న నీరు వద్దటంచు
ప్రాణహితనుఁ గలిపి పాపికొండలు దాటి
కడలి చెంతఁ బుట్టి కడలి వెదకె

ప–వ యతి చెల్లుతుంది.

గట్టుమీద:
‘పడమరున్న’ వ్యావహారికం. గ్రాంథికం పట్టుబట్టేవాళ్ళు ఊరుకోరు. నాకైతే ‘గోదారమ్మ’ పక్కన అదే అందం.

లంకగాలి:
నదిని వదిలి చేపను పట్టాను.

పులస యేటి కెదురు పోలేక కట్టపై
గ్రుడ్లు విడిచె నచటఁ గోడ కడనె
పిదపఁ బిల్ల పెరిగి పెద్దనీటినిఁ గోరి
కడలి చెంతఁ బుట్టి కడలి వెదకె

సముద్రంలో ఉన్నప్పుడు విలస, ఎర్రనీరు దిగాక గోదారి ఎక్కితే పులస. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక దాని పైకి పోవడం కష్టమైంది. ఇప్పుడున్న బ్యారేజీకి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. ఆ దిగువనే గుడ్లు పెడుతుంది. పిల్లలు కొంత పెరిగి సముద్రానికి వెళ్ళిపోతాయి.

చుక్కాని:
ఊహకు దండం. కానీ “కట్టపై గ్రుడ్లు విడిచె” అని చదువుకుంటే పులస కాంక్రీటు మీద గుడ్లు పెట్టినట్టుంది! అన్వయదోషం. ‘కట్టపై’ ముందున్న ‘పోలేక’తో కలవాలని మీ ఉద్దేశం, పాదం చివర ఉండడంతో కిందికి అంటుకుంది. “పులస యేటి కెదురు పోలేక నిలఁబడి” అనండి. నలగణం. కింద ‘గోడ’ ఉండనే ఉంది, ‘కట్ట’ అక్కర్లేదు.

ధవళేశ్వరం ‘కడలి చెంత’ అవుతుందా అని ఎవరైనా అడగవచ్చు. 1,465 కిలోమీటర్ల ఏటికి అది చివరి అంగే కాబట్టి అవుతుందనే నా తీర్పు.

ఇసుకతిన్నె:
ఛందస్సు మార్చి తేటగీతిలో.

వేయి మీటర్ల యెత్తున వెల్లి మొదలు
జానెడే దవ్వు పడమటి సంద్రమైన
తూర్పు వంపున దక్కను దొర్లి దొర్లి
కడలి చెంతనె పుట్టియుఁ గడలి వెదకె

నిర్వాహకులు:
సమస్యపాదాన్ని ముట్టుకోకూడదన్నది నియమం. ‘నె’, ‘యుఁ’ చేర్చారు కాబట్టి ఇది పోటీకి బయట. పద్యంగా మాత్రం వచ్చినవాటిలో ఇదే గట్టిది. ‘జానెడే దవ్వు’తో చిక్కును రెండో పాదంలోనే బిగించారు, జా–సం యతి ఎక్కడా కష్టపెట్టి తెచ్చినట్టు లేదు.

చుక్కాని:
ఒక్క ‘దొర్లి దొర్లి’ నచ్చలేదు. పుట్టుక ఎత్తు 1,067 మీటర్లు. అందులో దాదాపు సగం నాసిక్ చేరేలోపే దిగిపోతుంది. దొర్లడం అక్కడిదాకే. ఆపైన పీఠభూమి మీద పైఠణ్, నాందేడ్, బాసర అంటూ నింపాదిగా నడక. “దక్కను తోవ నడచి” అంటే తూ–తో యతి ఉంటుంది, గణాలు హ, న.

ఇసుకతిన్నె:
మార్చేశాను.

నిర్వాహకులు:
ఈ వారం మొదటి స్థానం పులసకు, దిద్దిన రూపంలో. ‘గట్టుమీద’ గారిది రెండోది. వచ్చే సమస్య కూడా ఆటవెలది నాలుగో పాదమే:

ఇసుక మేట వేసి యేఱు నవ్వె

ఇ–యే యతి. మేట పడేది ప్రవాహం మందగించిన చోట, వంపు లోపలి గట్టున. కోత బయటి గట్టుకు. ఆ రెండూ తారుమారు చేసిన పూరణలు తీసుకోం.