తమ్ముడు సాక్షి రక్షణలోకి వెళ్తే ఇక మాకు కనపడడా?

నిద్రపట్టని_అక్క (ప్రశ్న):

అందరికీ నమస్తే. పేర్లు, ఊరు, కేసు వివరాలు రాయను, దయచేసి అడగొద్దు. మా తమ్ముడు ఒక మర్డర్ కళ్ళారా చూశాడు, చేసినవాళ్ళ మొహాలు గుర్తుపట్టి స్టేట్‌మెంట్ కూడా ఇచ్చాడు. అప్పట్నుంచి బెదిరింపులు. ఇప్పుడు ఆఫీసర్లు వాడు, భార్య, పాప ముగ్గురూ ప్రొటెక్షన్‌లోకి వచ్చేయాలి, వేరే చోట వేరే పేర్లతో ఉండాలి అంటున్నారు. నేనూ వెళ్ళమనే చెప్తున్నా, ప్రాణం కంటే ఏం కావాలి అని. కానీ నిన్న మరదలు ఒక మాట అంది, "వదినా, దానికి ఏడేళ్ళు, నీ పేరు ఇది కాదమ్మా అని ఎవరు చెప్తారు దానికి" అని. నా దగ్గర జవాబు లేదు. అమ్మకి ఇంకా ఏమీ చెప్పలేదు. గార్డులు, ఇల్లు, కోర్టుకి ఎస్కార్ట్ ఇవన్నీ వాళ్ళు బాగానే వివరించారు, అక్కడ బతుకు ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పట్లేదు. దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్.

పాత_పేరు:

అక్కా, నన్ను ఆ పాప అనుకోండి. మా నాన్న సాక్షి, అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. కేసు అయిపోయింది, మేం బయటికి వచ్చి కూడా చాలా ఏళ్ళయింది కాబట్టి రాస్తున్నా.

అందరూ భయం గురించి అడుగుతారు. భయం కొన్నాళ్ళకి అలవాటైపోయింది, అలవాటు కానిది అబద్ధం. స్కూల్లో కొత్త పేరుతో పిలిస్తే పలికేదాన్ని కాదు, టీచర్ మా అమ్మని పిలిచి పాపకి చెవులు చూపించండి అంది. మీ నానమ్మ గురించి రాయండి అని హోంవర్క్ ఇస్తే మా అమ్మ, నేను కూర్చుని లేని నానమ్మని ఒకావిడని తయారుచేశాం, ఆ తర్వాత ఆవిడ గురించి ఎవరికి ఏం చెప్పానో గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది. ఫ్రెండ్ ఎవరైనా బాగా దగ్గరైతే నేనే దూరం జరిగేదాన్ని, నోరు జారతానేమో అని.

నాన్నకి ఇరవై ఏళ్ళ పని అనుభవం ఉంది, సర్టిఫికెట్లన్నీ పాత పేరు మీదే, కొత్త పేరుకి వెనకాల ఏమీ లేదు. తన సగం వయసు వాళ్ళ కింద పనికి చేరాడు. నానమ్మ పోయిన సంగతి మాకు పంతొమ్మిది రోజుల తర్వాత తెలిసింది. ఆరోజు నాన్న బాత్రూంలో కుళాయి తిప్పి వదిలేసి చాలాసేపు లోపలే ఉండిపోయాడు. ఒకసారి గొడవలో అమ్మ "నువ్వు చూశానని చెప్పకపోతే ఏం పోయేది" అనేసింది, తర్వాత తనే ఏడ్చింది. నాన్న మాత్రం ఎప్పుడడిగినా మళ్ళీ అయినా చెప్తా అనేవాడు, చచ్చిపోయినతనికి కూడా తల్లి ఉంది కదా అని.

మీ పాపకి ముందే నిజం చెప్పండి. నాకు టూర్‌కి వెళ్తున్నాం అని చెప్పి తీసుకెళ్ళారు. నాకు ఇప్పటికీ కోపం దాని మీదే.

నల్లకోటు:

నేను లాయర్‌ని. ముందు ఒకటి తేల్చుకోండమ్మా, వాళ్ళిస్తున్నది తాత్కాలిక రక్షణా, శాశ్వతంగా గుర్తింపు మార్చడమా. రెండింటికీ చాలా తేడా ఉంది, దేశాన్ని బట్టి కూడా మారుతుంది. ఇండియాలో 2018 డిసెంబర్ 5న సుప్రీంకోర్టు ఒక సాక్షి రక్షణ పథకాన్ని ఆమోదించింది. పోలీసులు ముప్పు ఎంతుందో రిపోర్ట్ ఇస్తారు, జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీ నిర్ణయిస్తుంది. గుర్తింపు మార్చడం అందులో ఉంది కానీ ఫోన్ నంబర్ మార్పు, కెమెరాలు, కొన్నాళ్ళు వేరే ఇల్లు లాంటివే ఎక్కువ కనిపిస్తాయి, అవి కూడా ఒక్కో విడత మూడు నెలలకి మించకుండా. అమెరికాలో 1971 నుంచి నడుస్తున్న ప్రోగ్రాంలో 19,000 మందికి పైగా చేరారు, అక్కడ పూర్తిగా కొత్త జీవితమే, చేరేముందు ఒప్పందం రాసి సంతకం పెట్టాలి.

ఆ ఒప్పందం ప్రతి లైనూ చదవండి. అప్పులు, ఆస్తి, పిల్లల కస్టడీ అన్నీ అడగండి. ఆ ప్రోగ్రాం మొదలవకముందే, 1967లో అమెరికాలోని బఫెలోలో విడాకులైన ఒకతని పిల్లలు, తల్లి కొత్త భర్త సాక్షి కావడంతో వాళ్ళతో పాటు మాయమైపోయారు, ఆ తండ్రికి వాళ్ళు దొరకడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఆయన చేసిన తప్పేమీ లేదు. 1984లో చట్టం మార్చినప్పుడు గానీ అలాంటి తల్లిదండ్రుల హక్కుల మాట అందులోకి రాలేదు. పేరు విషయంలో, కుదిరితే మొదటి అక్షరమైనా ఉంచమని అడగండి, పిల్లలకి పలకడం తేలికవుతుంది.

మూడో_మెట్టు:

ఇంకో సంగతి అడగండి, మీ తమ్ముడు ఎవరితో మాట్లాడొచ్చు అని. ఇటలీలోని సిసిలీలో రీటా ఆత్రియా అనే అమ్మాయి, తండ్రినీ అన్ననీ మాఫియా చంపేస్తే తనకి తెలిసిందంతా మేజిస్ట్రేట్ పావోలో బోర్సెలీనోకి చెప్పింది. తల్లి వెలేసింది. రోమ్‌లో దాచారు. ఆ అమ్మాయికి మిగిలిన పెద్దదిక్కు ఆయనే. 1992 జులై 19న ఆయన్ని బాంబు పెట్టి చంపారు, సరిగ్గా వారానికి ఆ అమ్మాయి తన ప్రాణం తీసుకుంది. 17 ఏళ్ళు. శత్రువులు ఆమె జాడ పట్టుకోలేదు, రక్షణ పనిచేసింది, మనిషే మిగల్లేదు. అందుకే చెప్తున్నా, ఒక్క ఆఫీసర్ మీద ఆధారపడే ఏర్పాటు అయితే ఒప్పుకోవద్దు, కౌన్సెలర్ కావాలని ఇప్పుడే అడగండి.

పాత_పేరు:

ఇది నిజం. మా ఆఫీసర్‌కి ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు అమ్మ చుట్టం పోయినట్టు ఏడ్చింది. మా అసలు పేర్లు తెలిసి మాతో మాట్లాడే మనిషి ఆయనొక్కడే మరి.

నిద్రపట్టని_అక్క:

అందరికీ దండాలు. మీరు రాసినవన్నీ మరదలికి చదివి వినిపించా. రాత్రి పాపకి వాళ్ళ నాన్నే చెప్పాడు, మొత్తం కాదు, దానికి అర్థమయ్యేంత. అది చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత బొమ్మకి కూడా పేరు మార్చాలా అని అడిగింది. అక్కర్లేదని చెప్పాడు వాడు.

వచ్చే మీటింగ్‌లో అడగాల్సినవి కాయితం మీద రాసుకున్నాం, సర్టిఫికెట్లు, కౌన్సెలర్, ఆఫీసర్ మారితే ఎవరు, ఉత్తరాలు ఎలా చేరతాయి, బయటికి రావాలనుకుంటే ఏంటి అని. అమ్మకి కూడా చెప్పేశా. ఏడవలేదు. నేను పోతే వాడికి ఎన్ని రోజులకి తెలుస్తుందే అని అడిగింది. అది కూడా ఆ కాయితం మీద రాశా.